దింపుడు దెబ్బ

"నువ్వు కొడితే మార్కెట్లో టమాటా బాక్సులు దించినట్టుండాదప్పా" అన్నాడు మా కీబోర్డాయన. మదనపల్లెలో ఆ చప్పుడు తెలియని మనిషి ఉండడు కాబట్టి అక్కడున్న వాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

మాది పెళ్ళిళ్ళకూ రిసెప్షన్లకూ వాయించే చిన్న ఆర్కెస్ట్రా. దాన్ని నడిపేది కీబోర్డాయనే. పాడేవాళ్ళు ఇద్దరు, గిటారు ఒకటి, అందరి వెనకా డ్రమ్ కిట్టు ముందు నేను. వారమంతా నాది గుమాస్తా ఉద్యోగం, ముహూర్తాలున్న సాయంత్రాలు ఈ పని. తాళం తప్పేవాణ్ణి కాదు. పాట ఏ వేగంతో మొదలైందో ఆ వేగంతోనే ముగించేవాణ్ణి. డ్రమ్మరుకు అంతకన్నా ఏం కావాలని చాలా ఏళ్ళు ధీమాగా ఉన్నాను.

ఆ రోజు సామాన్లు వ్యానులోకి ఎక్కిస్తూ ఆయన మళ్ళీ ఎత్తుకున్నాడు. "టైము తప్పవు, ఒప్పుకుంటా. కానీ నీ డ్రమ్ములో పాట యాడుండాది? వట్టి టైము ఇచ్చేదానికైతే ప్యాడు సాలు. బటన్ నొక్కితే అదీ తప్పదు. మోసే బాధా ల్యా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మా వైపు ఆర్కెస్ట్రాలు ఒక్కొక్కటీ కిట్టును ఇంట్లో మూలన పడేసి ఆ ఎలక్ట్రానిక్ ప్యాడు తెచ్చుకుంటున్నాయి. రేపో మాపో నా స్టూలు కూడా పోతుందని నాకు అర్థమైంది. పోతే ఇల్లు గడవక కాదు, ఉద్యోగం ఉంది కదా. కానీ ఆఫీసులో నేనొక సంతకం, ఇంట్లో ఒక సంచి మోసే మనిషిని. ఆ స్టూలు మీద కూర్చున్న రెండు గంటలు మాత్రం నేను నేను. అది పోతుందంటే భయం వేసింది.

మా గిటారు వాయించే అతను చెబితే కుప్పంలో ఒక పెద్దాయన గురించి తెలిసింది. డెబ్బై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు సరిహద్దు అవతల బంగారు గనుల ఊళ్ళో, క్లబ్బుల్లో డ్రమ్స్ వాయించేవాడట. గనులు మూతపడ్డాక కుప్పంలో కూతురి ఇంటికి వచ్చేశాడు. ఆదివారాలు పొద్దున్నే బస్సెక్కి పుంగనూరు, పలమనేరు దాటుకుని ఆయన ముందు వాలడం మొదలుపెట్టాను. ఆయన తెలుగులో తమిళం, కన్నడం, ఇంగ్లీషు అన్నీ కలగాపులగంగా వచ్చేవి. మొదటి వారం సగం అర్థమయ్యేది కాదు.

నా ప్రతాపమంతా చూపిద్దామని మొదటి రోజే పది నిమిషాలు ఎడాపెడా వాయించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. మెచ్చుకుంటున్నాడనుకున్నాను.

"నీ కుడిచెయ్యి ఆసామి, ఎడంచెయ్యి కూలోడు" అన్నాడు కళ్ళు తెరిచి. "ఆసామి ఏం జేస్తే కూలోడు అదే జేస్తా ఎనకాల పరిగెత్తతాండాడు. వాని మాట వాడు ఒక్కటీ మాట్లాడలే. పావం కదా?"

ఆ తర్వాత మూడు నెలలు తన దగ్గర నన్ను కిట్టు ముట్టనివ్వలేదు. రబ్బరు ప్యాడ్ మీద చేతుల వరసలు, అంతే. రూడిమెంట్స్ అంటారు వాటిని. ఏ దెబ్బ ఏ చేత్తో కొట్టాలన్నదే అందులో పాఠం. కుడి ఎడమ కుడి ఎడమ అని మార్చి మార్చి కొట్టేది ఒకటి. కుడి రెండు, ఎడమ రెండు కొట్టేది ఇంకొకటి. ఈ రెంటినీ కలిపితే పారడిడిల్: కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ. ఎనిమిది దెబ్బలు, మళ్ళీ మొదటికి. చిన్నపిల్లల ఎక్కంలా నోటితో అంటూ కొట్టాలి. దీనికోసమా ఇంత దూరం బస్సులో నిలబడి వచ్చేది అని ఎన్నిసార్లు విసుక్కున్నానో లెక్కలేదు. ఇంట్లో భోజనాల బల్ల మీద ప్యాడు పెడితే మా ఆవిడ దోసెపిండి గిన్నె తీసుకుని ఇంకో గదిలోకి పోయేది.

ఒక ఆదివారం ఆయన వంటింట్లోంచి స్టీలు పళ్ళెం తెచ్చి ప్యాడు పక్కన బోర్లించాడు. "కుడిచెయ్యి ప్యాడ్ మీదనే పెట్టు. ఎడంచెయ్యి తట్ట మీద. అదే పారడిడిల్. బలం మార్చొద్దు, వేగం మార్చొద్దు."

కొట్టాను. చేతులు చేస్తున్నది మూడు నెలలుగా చేస్తున్నదే. కానీ ప్యాడు ఒక మాట అంటుంటే పళ్ళెం ఇంకో మాట అంటోంది, రెండూ కలిసి ఒక చిన్న పాట అవుతోంది. నేనేమీ కలపలేదు. చేతుల వరసలోనే ఆ పాట ఉంది, రెండు గొంతులిచ్చేసరికి బయటపడింది. ఆయన మెల్లగా నవ్వి, "ఇబ్బుడు కూలోడు మాట్లాడినాడు" అన్నాడు.

అక్కణ్ణుంచి కిట్టు మీదికి వచ్చాం. కుడిచేతిని లావు గొంతున్న పెద్ద టామ్ డ్రమ్ము మీదికి పంపితే ఒక రాగం, ఎడమచేతిని గలగలమనే స్నేర్ డ్రమ్ము మీద గుసగుసగా ఉంచితే ఒకటి. వరసను మొదటి దెబ్బ నుంచే మొదలుపెట్టాలని రూలు లేదని కూడా ఆయనే చెప్పాడు. ఎనిమిదింటిలో ఏ దెబ్బ నుంచైనా ఎత్తుకోవచ్చు, ఎత్తుకున్న చోటును బట్టి అది కొత్త పాట. నేను ఒక్కోటీ ఎత్తుకుని చూస్తూ పోయాను. రెండో దెబ్బ నుంచి ఎత్తుకుంటే ఎడమ ముందు పడుతుంది, వెంటనే కుడి రెండు. ఎడమ, కుడి కుడి, ఎడమ. ఆ చోటు నా చేతులకు ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను. వేరేవి నెల పట్టాయి, ఇది ఒక్క పూటలో వచ్చేసింది. నాకు నిజంగానే ప్రతిభ ఉందేమోనని బస్సులో కిటికీ పక్కన కూర్చుని తెగ మురిసిపోయాను.

ఇక్కడ నేను దాచిన సంగతి ఒకటి చెప్పాలి. మా నాయన పలక కొట్టేవాడు.

పలకంటే తోలు బిగించిన గుండ్రటి వాయిద్యం. భుజానికి తగిలించుకుని, కుడిచేత్తో పొట్టి లావు పుల్ల, ఎడమచేత్తో పొడుగు సన్న పుల్ల పట్టుకుని కొడతారు. సదుం దగ్గర మా పల్లెలో మా ఇండ్లు ఊరికి అవతల ఉండేవి. జాతరకైనా, సావుకైనా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కబురు వచ్చేది. జాతర సంగతి పక్కన పెడితే, ఎక్కువగా సావులకే. మా నాయన, ఇంకో ముగ్గురు వరసగా నిలబడి కొడుతూ పాడె ముందు నడిచేవాళ్ళు.

మా వైపు పాడెను దారిలో ఒకచోట దింపుతారు. పోయిన మనిషి చెవిలో అయినవాళ్ళు మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు, ఒకవేళ ప్రాణం ఉంటే పలుకుతాడని. పాడె నేలకు తగలగానే పలకలన్నీ ఒక్కసారిగా ఆగిపోవాలి. ఆ మూడు పిలుపులూ అందరికీ వినపడాలి. పలుకు రాకపోతే పాడెను మళ్ళీ లేపుతారు, పలకలు మళ్ళీ మొదలవుతాయి. అప్పుడు కొట్టేది అంతకుముందు కొట్టింది కాదు. అది వేరే దెబ్బ. దింపుడు దెబ్బ అంటారు. ముందు సన్న పుల్ల ఒంటరిగా పడుతుంది, తర్వాత లావు పుల్ల రెండుసార్లు. ఇంక ఆ మనిషి తిరిగి రాడని ఊరికంతటికీ తెలిసేది ఆ దెబ్బతోనే. పిల్లలెవరైనా తెలియక దాన్ని పళ్ళెం మీద కొడితే వీపు పగిలేది.

నాకు మా నాయన పలక నేర్పలేదు. నేనే వద్దన్నాను. బడిలో నన్ను పేరుతో కాకుండా ఆ వాయిద్యం పేరుతో పిలిచేవాళ్ళు, అది చాలింది నాకు. ఉద్యోగం వచ్చిన నెలలోనే ఇంటికి పోయి, "నాయినా, ఇంక నువ్వు పలక పట్టగూడదు. నాకు తలకాయ ఎత్తుకునేదానికి ల్యాకుండా ఉండాది" అన్నాను. ఆయన బీడీ ఆర్పి, "సరే లేప్పా" అన్నాడు. వాదించలేదు, అలగలేదు. రెండు ఆవుల్ని పెట్టుకున్నాడు. తర్వాత ఎవరు కబురు పెట్టినా పోలేదని అమ్మ చెప్పేది. నేను దాన్ని నా మొదటి విజయం అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

డ్రమ్ కిట్టు మాత్రం నాకు వేరే లోకంలా కనిపించింది. మెరిసే ఇత్తడి సింబల్సు, స్టేజీ, లైట్లు. స్టూలు మీద కూర్చుని వాయించే పని. దాన్ని చూసి నా పుట్టుపూర్వోత్తరాలు ఎవరూ కనుక్కోలేరు. మా ఆర్కెస్ట్రాలో కూడా ఎవరికీ చెప్పలేదు. మీ నాయన ఏం చేస్తాడని అడిగితే పాల వ్యాపారం అనేవాణ్ణి.

పుంగనూరులో రిసెప్షన్ వచ్చింది. భూములున్న పెద్ద రైతు కుటుంబం, మనవరాలి పెళ్ళి. కళ్యాణ మండపం నిండా జనం. కుప్పంలో కిట్టు మీదికి వచ్చిన ఆ రెండు నెలల్లో నా వాయింపు మారిందని కీబోర్డాయన గమనించినట్టున్నాడు. "ఈ పొద్దు ఒక పాట మధ్యలో నీకిడుస్తాను. ఒక నిమిషం నీదే. సూపీ" అన్నాడు. ఎన్ని ఏళ్ళుగా ఎదురుచూసిన మాట అది!

పాట సగానికి వచ్చాక అందరూ ఆగారు. నేను పారడిడిల్ ఎత్తుకున్నాను, ఎడమచెయ్యి స్నేర్ మీద మెత్తగా, కుడిచెయ్యి టామ్‌ల మీద తిరుగుతూ. కుర్రాళ్ళు ఫోన్లు పైకెత్తారు. ఈలలు పడ్డాయి. వేగం పెంచుకుంటూ పోయి, ముందే అనుకున్నట్టు, ఒక్కసారిగా ఆపేశాను. పూర్తిగా ఒక ఆవర్తం పాటు నిశ్శబ్దం. భోజనాల హాల్లో ఎవరో నీళ్ళ జగ్గు పెట్టిన చప్పుడు వినిపించింది. ఆ నిశ్శబ్దం తర్వాత నాకిష్టమైన చోటు నుంచి ఎత్తుకున్నాను. ఎడమ ఒంటరిగా, మెల్లగా. తర్వాత కుడి కుడి, పెద్ద టామ్ మీద. ఎడమ, కుడి కుడి, ఎడమ.

కళ్ళు మూసుకుని ఉన్నాను. ఎంత బాగుందో! జన్మలో అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. ఈలలు ఆగిపోయాయని కూడా తెలియలేదు. నాలుగైదు ఆవర్తాలు అయ్యాక నా సింబల్‌ను ఎవరో పట్టుకున్నారు.

కళ్ళు తెరిస్తే ఎదురుగా పెళ్ళికూతురి తాత. ముసలి చెయ్యి సింబల్ అంచును గట్టిగా బిగించి ఉంది. ఆయన వెనక, ముందు వరస కుర్చీల్లోంచి పెద్దవాళ్ళంతా లేచి నిలబడి ఉన్నారు. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కుర్రాళ్ళు మాత్రం ఏమైందో తెలియక ఫోన్లు అలాగే పట్టుకుని చూస్తున్నారు. అప్పుడు తెలిసింది నాకు, నా చేతులు ఏం కొట్టాయో.

పెద్దాయన కేకలేం వేయలేదు. "అది దింపుడు దెబ్బ గదప్పా" అన్నాడు మెల్లగా. "పెండ్లిలో యాల కొడతాండావు?"

"తెలీక కొట్టినాను సార్."

"తెలీక వచ్చేది గాదే అది. మా నాయన పోయిన పొద్దు సదుం పక్కనుంచి వచ్చి కొట్టిరి. వాళ్ళల్లో ఒకడు ఎడంచెయ్యి ఇట్లే వాల్చి కొడతాండె. యాడ నేర్చుకున్యావు నువ్వు? యెవురి కొడుకువి?"

ఆయన మొహంలో కోపం ఉండిందా అని ఇప్పటికీ ఆలోచిస్తాను. ఉండలేదనే అనిపిస్తుంది. తెలుసుకోవాలన్న ఆత్రం ఉండింది. అప్పుడు నాకు అదేం కనిపించలేదు. కీబోర్డాయన నన్నే చూస్తున్నాడు, పాడేవాళ్ళు నన్నే చూస్తున్నారు.

"కుప్పంలో సార్ దగ్గర నేర్చుకున్యాను. అది ఇంగ్లీషు దెబ్బ సార్" అన్నాను.

పెద్దాయన ఒక క్షణం నా చేతుల వంక చూశాడు. సింబల్ వదిలేసి దిగిపోయాడు. ఎవరో పసుపునీళ్ళు తెచ్చి స్టేజీ మీద చల్లారు, వధూవరుల్ని లేపి మళ్ళీ కూర్చోబెట్టారు. కీబోర్డాయన గబగబా ఒక హుషారు పాట ఎత్తుకున్నాడు. నేను నా పాత నాలుగు దెబ్బలే కొడుతూ ఎలాగో సాయంత్రం గడిపాను.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో కీబోర్డాయన నా పక్కన కూర్చుని, "ఈ పొద్దు నీ డ్రమ్ము మాట్లాడిందప్పా. నాకే వొళ్ళు జలదరించింది. నేనడిగిందే అది" అన్నాడు. తర్వాత ఇంకో మాట కూడా అన్నాడు. "కానీ ఈ మాట నాలుగూర్లు తిరుగుతాది. పెండ్లికి మనల్ని పిల్సేవాడు బయపడతాడు. కొన్నాళ్ళు ప్యాడుతో లాగిస్తా, నువ్వు ఏమనుకోవద్దు." ఏమనుకోను అన్నాను.

స్టూలు పోయినందుకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఇంగ్లీషు దెబ్బ అన్న మాట మాత్రం పంటి కింద రాయిలా ఉండిపోయింది. ఆఫీసులో ఫైలు విప్పినా అదే, స్నానం చేస్తున్నా అదే. ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చింది! ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. ఏళ్ళ తరబడి లోపల తయారుచేసి పెట్టుకున్నట్టు వచ్చింది.

ఆదివారం కుప్పం పోయి సార్‌కు జరిగిందంతా చెప్పాను. ఆయన పేరు వాడుకున్నానని కూడా చెప్పాను. ఆయన తిడతాడనుకుంటే, "ఏదీ, కొట్టు" అన్నాడు. ఆ దెబ్బ కొట్టడానికి నాకు చేతులు రాలేదు. మళ్ళీ మళ్ళీ అడిగితే ప్యాడు మీద కొట్టాను. గోడ వైపు తిరిగి విన్నాడు.

"వరస నాది" అన్నాడు. "ఏ చెయ్యి ముందు, ఏ చెయ్యి ఎనక, అది నేను చెప్పిందే. ఆ ఎడంచెయ్యి నాది గాదు. నేను సమానంగా కొట్టమన్నా. నువ్వు దాన్ని వెంట్రుకంత ఆలస్యంగా, బరువుతో వదులుతాండావు. పుస్తకంలో అది రాసేదానికి గుర్తే ల్యా. నేను నలభై ఏండ్లు పాట్లు పడినా నాకు రాలే. యెవురిది?"

"మా నాయన పలక కొట్టేవాడు సార్" అన్నాను. ఇరవై ఏళ్ళలో బయటి మనిషికి ఆ మాట చెప్పడం అదే మొదటిసారి. పైన ఫ్యాను తిరుగుతోంది, సార్ కూతురు పక్క గదిలో కుక్కర్ దించుతోంది, లోకంలో ఏమీ మారలేదు.

"ఉండాడా?"

"ఉండాడు సార్."

"మరి ఈడేం చేస్తాండావు? పో. నేను చేతులకు వరస మాత్రం ఇస్తా. ఆ ఎడంచెయ్యి గురించి ఆయన్నే అడుగు."

ఆ మరుసటి ఆదివారం ప్యాడు, స్టిక్సు సంచిలో వేసుకుని మా పల్లెకు పోయాను. మధ్యాహ్నం. నాయన ఆవును కడుగుతున్నాడు. అమ్మ పోయాక ఆయన మనిషి బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి, "ఏమప్పా, ఆదివారం కుప్పం పోతావంట గదా, పోల్యా?" అన్నాడు. నేను కుప్పం పోతున్నట్టు ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు, మా ఆవిడ ఫోనులో చెప్పినట్టుంది.

కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాం. ఆయనే మొదలుపెట్టాడు.

"మొన్న పుంగనూరు పెద్దాయన కారులో వచ్చిండె, పాలు పోసే కాడికి. నన్ను గుర్తుపట్టినాడు. వాళ్ళ నాయనకు మేమే గదా కొట్టింది. నీ కొడుకు మదనపల్లెలో డ్రమ్ములు వాయిస్తాడంట గదా, మా ఇంట్లో వాయించి, యెవురి కొడుకువంటే ఇంగ్లీషు దెబ్బ అనింది వాడేనా అని అడిగినాడు."

"నువ్వేమన్న్యావు నాయినా?"

"నా కొడుకు ఆఫీసులో పని సేస్తాండాడు సామీ, వానికి వాయించేది రాదు, వాడు గాదు అంటి." ఒక బరువైన పని సరిగ్గా చేసినవాడిలా తల ఊపాడు. "నువ్వేం దిగులు పెట్టుకోబాక. ఆయప్ప నమ్మినట్టే ఉండాడు."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది, నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆయన నా పరువు కాపాడానని నిజంగానే అనుకుంటున్నాడు. కొడుకు అబద్ధం ఆడితే దాన్ని తండ్రి వెనకనుంచి మోశాడు, అడగకుండానే. నాకు ఏడుపొచ్చింది, ఆవు వంక తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

సంచిలోంచి ప్యాడు తీసి అరుగు మీద పెట్టాను. నేను నేర్చుకున్నవి వరసగా కొట్టి చూపించాను. సింగిల్, డబుల్, పారడిడిల్. నాయన వంగి చూస్తున్నాడు. ఆయన చూపు ప్యాడు మీద లేదు, నా మణికట్ల మీద ఉంది. చివరికి ఎడమ నుంచి ఎత్తుకునే చోటుకు వచ్చి ఆగిపోయాను. ఇంటి ముందు అది కొట్టకూడదు.

"పర్వాల్యా, కొట్టు. ఇది రబ్బరే గదా" అన్నాడు.

కొట్టాను. రెండు ఆవర్తాలు విని చెయ్యి చాపి నా ఎడమ మణికట్టు పట్టుకున్నాడు. పాలు పితికి పితికి గట్టిపడ్డ వేళ్ళు. "బొటనేలు అట్ల బిగబట్టొద్దు. ఇడుసు. పుల్ల దానంతట అదే పడాల. నువ్వు కొట్టొద్దు, పడనియ్యి." వదిలాను. పుల్ల పడింది. దాని చప్పుడు వేరుగా ఉంది. పుంగనూరులో నేను వాయించింది ఇందులో సగం కూడా కాదని తెలిసింది. నాకు వద్దనిపించింది ఇదా, నేను మాన్పించింది ఇదా అనుకున్నాను.

ఆయన నా మణికట్టు వదల్లేదు. "నాల్గు దినాలు కొడితే వచ్చేస్తాది. శానా మటుకు వచ్చేసిండాది నీకు" అన్నాడు ఆశ్చర్యంగా. "యెవురు నేర్పిచ్చిరి?"

పెళ్ళి మండపంలో పెద్దాయన అడిగినప్పుడు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు నా నోటి దాకా వచ్చింది. దాని కోసమే ఇంత దూరం వచ్చాననిపించింది. చెబితే ఆయన మొహం వెలిగిపోతుందని, నా బరువు దిగిపోతుందని ఆశపడ్డాను.

"నువ్వే నాయినా. నీది ఇనే నాకొచ్చింది. ఇది నీ ఎడంచెయ్యే" అన్నాను.

ఆయన మొహం వెలగలేదు. నా వంక కాసేపు చూశాడు. కోపంగా కాదు, అలసిపోయినట్టు.

"ఆ మాట ఆయప్ప అడిగినప్పుడు ఆడ సెప్పాల్సింది గదప్పా" అన్నాడు. "నాతో సెప్పేది యాల? నాకు తెల్దా?"

ఆయన నా చెయ్యి వదిలేసి, ఆవుకు నీళ్ళు పెట్టడానికి లేచాడు.